బ్యాంకాక్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం: ఇల్లు ఏ ఏరియాలో తీసుకోవాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

బ్యాంకాక్‌లో ఇంగ్లీష్ చెప్పడానికి వచ్చే మనవాళ్లు వీసా గురించి అడిగాక వెంటనే అడిగేది ఇంటి గురించే. నేను ఇక్కడ నాలుగేళ్లలో మూడు ఇళ్లు మారాను. మొదటి రెండూ తప్పు లెక్క వేసుకుని తీసుకున్నవే. అందుకని ఈ జవాబుల్లో సలహాతో పాటు కాస్త దెబ్బ తిన్న అనుభవం కూడా ఉంటుంది.

రాకముందే ఇల్లు మాట్లాడుకోవచ్చా?

వద్దు. ఉద్యోగం ఖాయమైనా వద్దు. స్కూల్ ఏదో కచ్చితంగా తెలిసి, దాని గేటు ముందు ఒకసారి నిలబడి వచ్చేదాకా ఏడాది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి.

నా సంగతే చెప్తాను. నన్ను పనిలో పెట్టిన ఏజెన్సీ (స్కూళ్లకి టీచర్లని పంపే సంస్థ) వాళ్లు లాట్ ఫ్రావ్ దగ్గర స్కూల్ అన్నారు. నేను ఆన్ నుట్‌లో గది తీసుకుని, రెండు నెలల డిపాజిట్ కట్టేశాను. టర్మ్ మొదలవడానికి వారం ముందు ఫోన్ చేసి "స్కూల్ మారింది, నొంథబురి వైపు వెళ్లాలి" అన్నారు. అంటే నగరానికి ఆ చివర. ఆన్ నుట్ నుంచి మో చిట్ దాకా స్కైట్రైన్, అక్కడ దిగి తావ్ పూన్ దాకా మెట్రో, అక్కడ పర్పుల్ లైన్, చివర్లో మోటార్‌సైకిల్ టాక్సీ. గుమ్మం నుంచి గేటు దాకా గంటా నలభై నిమిషాలు పట్టేది. ఆ టర్మ్ అంతా తెల్లవారుజామున ఐదింటికే లేచాను. ఏజెన్సీ ద్వారా వచ్చేవాళ్లకి ఇలా స్కూల్ మారడం అరుదేమీ కాదు.

మొదటి రెండు మూడు వారాలు నెలవారీ అద్దెకు ఇచ్చే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌లోనో గెస్ట్ హౌస్‌లోనో ఉండండి. కాస్త ఎక్కువ ఖర్చయినా డిపాజిట్ పోగొట్టుకోవడం కంటే అది తక్కువే.

స్కూల్‌కి ఎంత దగ్గర్లో ఉండాలి?

కిలోమీటర్లు చూడకండి, పొద్దున ఏడింటికి ఎంతసేపు పడుతుందో చూడండి. థాయ్ స్కూళ్లలో ఎనిమిదింటికి జెండా వందనం, జాతీయ గీతం. టీచర్లు దానికి ముందే, చాలాచోట్ల ఏడున్నర, ఏడూ నలభై ఐదు మధ్యలో వేలిముద్ర వేయాలి. గేట్ డ్యూటీ ఉన్న రోజు ఇంకా ముందే వెళ్లి పిల్లలకి నమస్కారం పెడుతూ నిలబడాలి. ఆలస్యమైతే జీతంలో కోసే స్కూళ్లు ఉన్నాయి.

ఈ ఊళ్లో ఆదివారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పట్టే దారి సోమవారం ఏడింటికి గంట పట్టొచ్చు. పిల్లల్ని కార్లలో దింపే వాళ్లంతా అప్పుడే రోడ్డు మీదకి వస్తారు కదా. కాబట్టి ఇల్లు ఖాయం చేసే ముందు వర్కింగ్ డే పొద్దున ఒకసారి నిజంగానే ఆ దారిలో వెళ్లి చూడండి. ఫోన్‌లో మ్యాప్ చెప్పే టైమ్‌ని నమ్ముకోవద్దు. నా లెక్క ప్రకారం రైల్లో అయితే ముప్పావుగంట దాకా భరించవచ్చు, బస్సులో అయితే అరగంట దాటకూడదు. బస్సుకి ఎంత టైమ్ పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకొక కిటుకు ఉంది. పొద్దున జనమంతా సియామ్, ఆసోక్, సీలోమ్ వైపు, అంటే ఊరి మధ్యకి వెళ్తారు. మీ స్కూల్ శివార్లలో ఉంటే ఇల్లు కాస్త లోపలివైపు తీసుకోండి. మీరు ఎదురు దిశలో వెళ్తారు కాబట్టి రైల్లో కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. ఇప్పుడు నేను చేస్తున్నది అదే. పిల్లల కాపీలు రైల్లోనే దిద్దేస్తాను.

నాది స్కూల్ కాదు, లాంగ్వేజ్ సెంటర్. నాకూ ఇదే లెక్కా?

కాదు, మీ లెక్క దాదాపు తిరగబడుతుంది. లాంగ్వేజ్ సెంటర్లు ఎక్కువగా షాపింగ్ మాల్స్‌లో ఉంటాయి. క్లాసులు సాయంత్రాలు, శని ఆదివారాలు. ఆఫీసులకి వెళ్లి ఉద్యోగులకి చెప్పే కార్పొరేట్ క్లాసులైతే పొద్దున ఒకటి సాథోర్న్‌లో, సాయంత్రం ఒకటి ఆసోక్‌లో పడుతుంది. మధ్యలో ఐదు గంటలు ఖాళీ. ఆ ఖాళీలో ఇంటికి వెళ్లి పడుకోగలిగే చోటు ఉంటే బతుకు వేరు, కాఫీ షాపులో కాలం గడపాల్సి వస్తే వేరు.

అందుకని మీకు ఒక్క చోటికి దగ్గరగా ఉండటం కంటే లైన్లు కలిసే స్టేషన్‌కి దగ్గరగా ఉండటం ముఖ్యం. ఆసోక్ దగ్గర స్కైట్రైన్, మెట్రో కలుస్తాయి కానీ అద్దెలు ఎక్కువ. నాలుగు స్టేషన్లు పక్కకి జరగండి. ఒకవైపు ఫ్రా ఖనోంగ్, ఇంకోవైపు హువాయ్ క్వాంగ్. రైళ్లు దాదాపు అర్ధరాత్రి దాకా ఉంటాయి కాబట్టి రాత్రి తొమ్మిదికి క్లాసు అయిపోయినా ఇబ్బంది లేదు.

సరే, ఏరియాల పేర్లు చెప్పండి.

అందరూ ముందుగా చెప్పేది ఆన్ నుట్. సుఖుమ్‌విట్ రోడ్డులో 77వ సోయి (పెద్ద రోడ్డు నుంచి చీలిన వీధి). స్కైట్రైన్ 1999లో మొదలైనప్పటి నుంచి 2011 దాకా ఆ వైపు చివరి స్టేషన్ ఇదే. అందుకే మధ్యలో ఉన్నంత ఖరీదు కాకుండా, శివారంత దూరం కాకుండా పెరిగింది. సూపర్ మార్కెట్లు, మార్కెట్, తినడానికి చౌక చోట్లు అన్నీ స్టేషన్ చుట్టూనే ఉంటాయి. విదేశీ టీచర్లు చాలామంది ఉంటారు. ఒక స్టేషన్ లోపల ఉన్న ఫ్రా ఖనోంగ్ కూడా ఇంచుమించు ఇదే తరహా.

ఆన్ నుట్ దాటి ముందుకు వెళ్తే ఉడోమ్ సుక్ (సోయి 103), బాంగ్ నా, బేరింగ్ (సోయి 107). అంతర్జాతీయ స్కూళ్లు ఈ బాంగ్ నా వైపు చాలా ఉన్నాయి. అక్కడ ఉద్యోగం వస్తే ఇంక ఆలోచించక్కర్లేదు, ఇటే ఉండండి. కానీ జాగ్రత్త, "బాంగ్ నా" అని ప్రకటనలో ఉన్నంత మాత్రాన అది స్టేషన్ దగ్గర కాదు. బాంగ్ నా–ట్రాట్ హైవే మీద పది కిలోమీటర్ల అవతల ఉన్న బిల్డింగ్‌కి కూడా అదే పేరు పెడతారు.

ఉత్తరం వైపు ఆరి, సఫాన్ క్వాయ్. ఆరి ఇప్పుడు కాఫీ షాపుల వల్ల బాగా పేరుపడింది, అద్దెలూ దానికి తగ్గట్టే పెరిగాయి. నన్నడిగితే పక్క స్టేషన్ సఫాన్ క్వాయ్ మేలు. అవే రైళ్లు, తక్కువ అద్దె, ఆడంబరం లేని మార్కెట్.

హువాయ్ క్వాంగ్, రచ్చడా, లాట్ ఫ్రావ్ మెట్రో లైన్ మీద ఉంటాయి. థాయ్ ఉద్యోగులు ఎక్కువగా ఉండే ప్రాంతాలు. హువాయ్ క్వాంగ్‌లో మార్కెట్ రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా ఇంటికి చేరేవాళ్లకి సుఖం. లాట్ ఫ్రావ్ రోడ్డు ఒకప్పుడు ట్రాఫిక్‌కి పెట్టింది పేరు. 2023లో ఎల్లో లైన్ మోనోరైల్ వచ్చాక ఆ రోడ్డు మీద, అలాగే శ్రీనకరిన్ రోడ్డు మీద ఉండటం కాస్త ఊపిరి పీల్చుకునేలా అయింది. అది సమ్రోంగ్ దాకా వెళ్లి స్కైట్రైన్‌ని కలుస్తుంది.

చేతిలో డబ్బు బాగా తక్కువైతే రామ్‌ఖమ్‌హేంగ్, బాంగ్ కపి. 1971 నుంచి అక్కడ పెద్ద ఓపెన్ యూనివర్సిటీ ఉంది కాబట్టి విద్యార్థుల గదులు కోకొల్లలు. ట్రాఫిక్ మాత్రం భయంకరం. దానికి విరుగుడు సేన్ సేప్ కాలువ మీద నడిచే పడవ. వాసన వస్తుంది, నీళ్లు చిందుతాయి, ఎక్కి దిగేటప్పుడు జారకుండా తాడు పట్టుకోవాలి. కానీ రోడ్డు మీద గంట పట్టే దూరాన్ని అది చాలా తక్కువలో దాటిస్తుంది. రాత్రి పడవలు ఉండవని మాత్రం గుర్తుంచుకోండి.

నది అవతల థోన్‌బురి గురించి ఎవరూ చెప్పరు, అదే దాని అదృష్టం. వోంగ్వియన్ యాయ్, తలాట్ ఫ్లూ స్టేషన్ల దగ్గర ఉంటే సాథోర్న్ నాలుగడుగులే. పాత వీధులు, కాలువలు, సాయంత్రం తోపుడు బళ్లు. నేనిప్పుడు ఉంటున్నది ఇక్కడే, కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉండొచ్చు.

నొంథబురి వేరే ప్రావిన్స్. అక్కడ స్కూల్ అయితేనే అక్కడ ఉండండి. 2016లో పర్పుల్ లైన్, తర్వాత పింక్ లైన్ వచ్చాక మునుపటంత ఒంటరి ప్రాంతం కాదు.

థోంగ్ లో, ఎక్కమై? అందంగా ఉంటాయి. టీచర్ జీతానికి కుదరవు. టూరిస్టులు గుమిగూడే ఖావ్ సాన్ రోడ్డు చుట్టుపక్కల? సెలవుల్లో వచ్చిన స్నేహితుల్ని అక్కడ దింపండి, మీరు మాత్రం ఉండకండి.

"స్టేషన్ నుంచి 5 నిమిషాలు" అంటే నిజంగా ఐదేనా?

మోటార్‌సైకిల్ మీద ఐదు. నడిస్తే ఇరవై ఐదు కావచ్చు.

బ్యాంకాక్‌లో ఏరియా పేరు కంటే సోయి లోతు ముఖ్యం. కొన్ని సోయిలు రెండు మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్లి, అవతలి రోడ్డులో కలవకుండా ఆగిపోతాయి. రోడ్డుకి ఒక పక్క బేసి నంబర్లు, ఇంకో పక్క సరి నంబర్లు. ఎదురెదురు నంబర్లు ఒకదానికొకటి సరిపోవు. సుఖుమ్‌విట్‌లో 63కి ఎదురుగా 64 ఉంటుందనుకుని నేను ఒకసారి ఎండలో చాలా దూరం నడిచాను. ఎదురుగా ఉన్నది 42.

సోయి మొదట్లో ఆరెంజ్ జాకెట్లు వేసుకున్న మోటార్‌సైకిల్ టాక్సీ వాళ్లు ఉంటారు. స్టాండ్ దగ్గర బోర్డు మీద రేట్లు రాసి ఉంటాయి. దగ్గరి దూరానికి పది, ఇరవై బాట్‌లు (థాయ్ కరెన్సీ). రోజుకి రెండు సార్లు, నెలకి ఇరవై రెండు రోజులు లెక్కేసి అద్దెలో కలుపుకోండి. వాన పడినప్పుడు బండ్లు దొరకవు, క్యూ పెరుగుతుంది. టీచర్లు ఇస్త్రీ చొక్కాలో, ఫార్మల్ స్కర్ట్‌లో వెళ్లాలి కదా. ఏప్రిల్, మే ఎండలో పదిహేను నిమిషాలు నడిస్తే ఆ ఇస్త్రీ మిగలదు. నా హద్దు పది నిమిషాల నడక.

అద్దెకు ఎంత పెట్టొచ్చు?

ముందు జీతం గురించి ఉన్నదున్నట్టు మాట్లాడుకోవాలి. ఒకే స్కూల్లో, ఒకే క్లాసుకి, అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ముప్పై అయిదు, నలభై వేల బాట్‌లు ఇచ్చి, మనలాంటి వాళ్లకి ఇరవై, ఇరవై అయిదు వేలు ఇచ్చే ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తాయి. అన్యాయమే. కానీ ఇంటి లెక్క వేసుకునేటప్పుడు వాళ్ల బడ్జెట్ వీడియోలు చూసి వేయకండి.

జీతంలో నాలుగో వంతు అద్దెకి, మహా అయితే మూడో వంతు. సుమారుగా చెప్పాలంటే రామ్‌ఖమ్‌హేంగ్‌లో మామూలు గది నాలుగైదు వేల నుంచి దొరుకుతుంది. ఆన్ నుట్, సఫాన్ క్వాయ్‌లలో చిన్న స్టూడియో ఎనిమిది వేల నుంచి పదమూడు వేల దాకా. ఆరిలో ఇంకా పైకి. చేతిలోకి తాళం రావాలంటే మామూలుగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అద్దె ముందు కట్టాలి. అంటే ఎనిమిది వేల గదికి మొదటి రోజే ఇరవై నాలుగు వేలు. మొదటి జీతం నెలాఖరుకి గానీ రాదు. ఈ డబ్బు వెంట తెచ్చుకోకపోతే వచ్చిన వారానికే టెన్షన్ మొదలవుతుంది.

అపార్ట్‌మెంటా, కాండోనా?

ఇక్కడ ఈ రెండు మాటలకీ తేడా ఉంది. అపార్ట్‌మెంట్ అంటే బిల్డింగ్ మొత్తం ఒకే యజమానిది, కింద ఆఫీసు ఉంటుంది. కాండో అంటే ఒక్కో గది ఒక్కొక్కరిది, మీ ఓనర్ వేరే ఊళ్లో ఉండొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో మేలేమిటంటే ఏసీ పాడైతే కింద చెప్తే సరిపోతుంది. కీడు కరెంట్ బిల్లులో ఉంది. యూనిట్‌కి ఏడు, ఎనిమిది బాట్‌లు వసూలు చేసే చోట్లు చాలా ఉన్నాయి. కాండోలో ప్రభుత్వ కరెంట్ సంస్థ మీటర్ నేరుగా ఉంటుంది కాబట్టి నాలుగు బాట్‌ల పైచిలుకే పడుతుంది. ఏసీతో నెలకి 300 యూనిట్లు వాడితే ఒకచోట 2,400, ఇంకోచోట సుమారు 1,300. "అద్దె వెయ్యి తక్కువ" అని సంబరపడి తీసుకున్న గదిలో ఆ వెయ్యీ మీటర్ దగ్గర పోతుంది. అద్దె అడిగిన వెంటనే అడగాల్సిన రెండో ప్రశ్న యూనిట్ రేటు.

నా ఉద్యోగం పది నెలలే, అగ్రిమెంట్ ఏడాది అంటున్నారు. ఏం చేయాలి?

ఇది చాలామంది చూసుకోని గొయ్యి. థాయ్ స్కూల్ సంవత్సరం మే మధ్యలో మొదలై మార్చిలో ముగుస్తుంది. అక్టోబర్‌లో మధ్య సెలవులు. ఏజెన్సీ కాంట్రాక్టులు కొన్ని పది, పదకొండు నెలలకే ఉంటాయి, మార్చి తర్వాత జీతం ఉండదు. ఇంటి అగ్రిమెంట్ మాత్రం పన్నెండు నెలలు. మధ్యలో వెళ్తే డిపాజిట్ తిరిగి రాదు.

ఆరు నెలల అగ్రిమెంట్ అడగండి. అపార్ట్‌మెంట్ల వాళ్లు ఒప్పుకోవడానికి అవకాశం ఎక్కువ. కాండో ఓనర్ ఒప్పుకోకపోతే, నెల ముందు చెప్పి, బదులుగా ఇంకొకర్ని చూపిస్తే డిపాజిట్ తిరిగిస్తానని కాగితం మీద రాయించుకోండి. నోటిమాట సరిపోదు. జీతం లేని ఏప్రిల్‌కి అద్దె ముందే పక్కన పెట్టుకోండి.

ఇంటికీ వీసా కాగితాలకీ సంబంధం ఉందా?

ఉంది. థాయ్ ఇమిగ్రేషన్ చట్టం (1979) ప్రకారం విదేశీయుడు ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఇంటి యజమాని తెలియజేయాలి. ఆ ఫారం పేరు టీఎం30. బాధ్యత యజమానిదే. కానీ అది లేకపోతే వీసా పొడిగింపుకి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర ఇబ్బంది పడేది మీరు. గది చూసిన రోజే "టీఎం30 చేస్తారా?" అని అడగండి. నీళ్లు నమిలితే ఆ ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి.

ప్రావిన్స్ కూడా చూసుకోండి. బ్యాంకాక్‌లో ఉంటే ఇమిగ్రేషన్ పనులకి చేంగ్ వత్తనా వెళ్లాలి. నొంథబురిలో ఉంటే అక్కడి ఆఫీసు వేరు. సమ్రోంగ్ స్టేషన్ స్కైట్రైన్ మీదే ఉన్నా అది సముత్ ప్రాకాన్ ప్రావిన్స్. ఏడాది మధ్యలో గీత దాటి ఇల్లు మారితే ఆఫీసూ మారుతుంది.

వానాకాలంలో నీళ్లు నిలుస్తాయా?

చాలా సోయిల్లో నిలుస్తాయి, ముఖ్యంగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో. 2011 వరదల్లో డోన్ మువాంగ్ విమానాశ్రయమే మునిగి, మళ్లీ తెరవడానికి తర్వాతి ఏడాది మార్చి అయింది. నొంథబురి, రంగ్‌సిట్ కూడా బాగా దెబ్బతిన్నాయి. అంత పెద్దవి రోజూ రావు గానీ, గంట వాన పడితే మోకాటి లోతు నీళ్లు వచ్చే వీధులు మాత్రం ఏటా అవే. సోయి మొదట్లో ఉన్న షాపు వాళ్లని అడగండి. గుమ్మాల ముందు ఇటుకలతో చిన్న గట్టు కట్టి ఉందేమో చూడండి. ఉంటే మీ ప్రశ్నకి జవాబు అదే.

చలికాలంలో ఇంకో బెడద పొగ, పీఎం2.5 అనే సన్నని ధూళి. 2025 జనవరిలో గాలి బాగా చెడిపోయి వందలకొద్దీ స్కూళ్లు మూశారు. ఏ ఏరియా తీసుకున్నా దీన్నుంచి పూర్తిగా తప్పించుకోలేం. పెద్ద రోడ్డు వైపు కిటికీ ఉన్న గది మాత్రం వద్దు.

ఒంటరిగా ఉండే ఆడవాళ్లకి ఏ ఏరియా మంచిది?

ఏరియా కంటే చివరి మూడు వందల మీటర్లు ముఖ్యం. మా తోటి టీచర్లు చెప్పే గుర్తులు ఇవి: దారిలో రాత్రి పదకొండుకి కూడా తెరిచి ఉండే షాపులు, తిండి బళ్లు ఉండాలి, దీపాలు ఉండాలి, కింద కీ కార్డుతో తెరుచుకునే తలుపు, కూర్చుని ఉండే గార్డు ఉండాలి. మనుషుల కంటే వీధికుక్కల వల్ల ఎక్కువ ఇబ్బంది పడ్డామని చాలామంది అంటారు. అందుకే గదిని పగలొకసారి, రాత్రొకసారి చూడాలి.

మన తిండి, గుడి దగ్గర్లో ఉండాలంటే?

పప్పులు, మసాలాలు, చింతపండు అన్నీ ఫాహురత్‌లో దొరుకుతాయి. సామ్ యోట్ మెట్రో స్టేషన్ దగ్గర. సీలోమ్‌లో మారియమ్మన్ గుడి ఉంది, తమిళులు కట్టింది. థాయ్‌వాళ్లు దాన్ని వాట్ ఖేక్ అంటారు. వాటి కోసం ఏరియా ఎంచుకోనక్కర్లేదు, నెలకొకసారి రైలెక్కి వెళ్తే చాలు. శాకాహారులు మాత్రం పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న "జే" అంగడి ఇంటి దగ్గర ఉందో లేదో చూసుకోండి. మామూలు కూరల్లో చేపల సాస్ పడకుండా ఉండదు.

స్కూల్ పక్క వీధిలోనే ఉంటే హాయి కదా?

నిద్రకి హాయి. కానీ పైజామాలో పాల ప్యాకెట్ కోసం వెళ్తే మూడో తరగతి పిల్లాడు "టీచా!" అని వీధంతా వినిపించేలా అరుస్తాడు. వాళ్లమ్మ అక్కడికక్కడే మార్కుల గురించి మాట్లాడుతుంది. ఎవరైనా టీచర్ రాకపోతే ముందు ఫోన్ వచ్చేదీ మీకే. ఒకటి రెండు స్టేషన్ల ఎడం ఉంటే మంచిదని నా అభిప్రాయం. ఇది నచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

సంతకం పెట్టే ముందు గదిలో ఏం చూడాలి?

షవర్ తిప్పి నీళ్ల జోరు చూడండి. ఏసీ పదిహేను నిమిషాలు వేసి ఉంచండి. కిటికీ తెరిచి పక్కన ఖాళీ స్థలం ఉందేమో చూడండి. ఉంటే అక్కడ కొత్త బిల్డింగ్ లేస్తుంది, రెండేళ్లు దుమ్మూ మోతా తప్పవు. ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లు గదిలోనే నిలబడి ఒక వీడియో కాల్ చేయండి. 2025 మార్చి 28న భూకంపానికి ఎత్తైన బిల్డింగులు ఊగాయి. గోడల్లో పగుళ్లు పడ్డవీ ఉన్నాయి. పై అంతస్తు అయితే మరమ్మతు ఏం చేశారో అడగడానికి మొహమాటపడొద్దు. ఉన్న ప్రతి గీత, మరక, విరిగిన హ్యాండిల్ ఫొటో తీసి అదే రోజు ఓనర్‌కి లైన్ (ఇక్కడ అందరూ వాడే చాట్ యాప్)లో పంపండి. మీటర్ రీడింగ్ ఫొటో కూడా.

తీసుకున్నాక నచ్చకపోతే?

అగ్రిమెంట్ అయ్యేదాకా ఓపిక పట్టి, అక్టోబర్ సెలవుల్లోనో ఏప్రిల్‌లోనో మారండి. టర్మ్ మధ్యలో సామాన్లు మోస్తూ ఏడున్నరకి వేలిముద్ర వేయడం కుదరదు. కొత్త ఓనర్‌తో టీఎం30 మళ్లీ చేయించి, కొత్త అడ్రస్ స్కూల్ ఆఫీసులో ఇవ్వండి. పాత ఓనర్‌కి నెల ముందు రాతపూర్వకంగా చెప్పి, ఖాళీ చేసే రోజు ఆ పాత ఫొటోలు ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకోండి.